నవ్వు షాట్

మునిచంద్ర తిరుపతి బస్సు దిగి, నగరి బజారులో తన బట్టల అంగడి వైపు కూడా చూడకుండా నేరుగా మగ్గాల షెడ్డుకు నడిచాడు.

అక్కడ చెప్పాల్సింది ఒక్క మాట. చెప్పేస్తే ఊరి పిల్లకాయలు తీస్తున్న దయ్యం సినిమా ఆగిపోతుంది. అద్దె కెమెరా సాయంత్రానికి మద్రాసు చేరాలి. మిగిలింది ఒకే సీను. అందులో దయ్యం వాళ్ళ తల్లి చచ్చి పాడె మీద ఉండాలి. ఊళ్ళో ఏ ముత్తైదువా పాడె మీద పడుకోనంది. ఒప్పుకున్నది మునిచంద్ర భార్య జ్ఞానాంబ ఒక్కతే.

దానికి ఇంట్లో పెద్ద రచ్చే అయింది.

"పసుపు కుంకుమలుండే ఆడది పాడెక్కుతాదా?" అన్నాడు మునిచంద్ర.

"మనూరి చీర మనం కట్టకపోతే కంచివాళ్ళొచ్చి కడతారా? మన పిల్లోళ్ల సినిమా గూడా అంతే," అనిందామె. "మాటిచ్చినాను. నువ్వు అడ్డం రావాకు."

మునిచంద్ర లెక్కలో ఆ సినిమా మొదట్నుంచీ నష్టపు బేరమే. మూతబడ్డ తమ షెడ్డును ఊరికే ఇచ్చింది ఆమే. దయ్యానికి అంగట్లోంచి తెల్లచీర తీసిచ్చింది ఆమే. విగ్గు కొనలేమంటే నల్లనూలుతో జడలు అల్లిచ్చింది. అందరికీ సంగటి వండిపెట్టింది.

"నీకేం మిగలతాదే?" అని అడిగితే, "తెర మీద మన షెడ్డు కనపడతాది గదా," అనేది. అలాంటి లాభాన్ని ఏ తక్కెడలో తూచాలో మునిచంద్రకు తెలిసేది కాదు.

షెడ్డులో సాంబ్రాణి పొగ కమ్ముకుని ఉంది. పొగమిషను తెచ్చుకోలేని వాళ్ళకు అదే మంచు. డైరెక్టరు భానుచందర్ ఎదురొచ్చాడు.

"యాడికి పోయింటివి మామా? నిన్న సాయంత్రం నుంచి అంగడి మూసుండాదే!"

"తిరుపతికి."

"సరుక్కా?"

"ఒక మాట చెప్పాల భానూ. మీ అత్త..."

"దండం పెడతా మామా! నీ కోపం తెలుసు. ఈ ఒక్క షాటూ కానీ. అంతా సిద్ధంగా ఉండాది, ఇప్పుడామెను లేపాకు."

భాను పక్కకు తప్పుకున్నాడు.

ఆగిపోయిన మగ్గాల నడుమ పాడె. దాని మీద జ్ఞానాంబ. ముక్కులో దూది, మెడలో బంతిపూల దండ.

మునిచంద్ర పక్కనున్న మగ్గాన్ని పట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చింది?" అడిగాడు.

"మాకంటే ముందే," అంది కెమెరా వెనకనుంచి పూజిత. "మేమొచ్చేసరికే దండేసుకోని కూచోనుంది. ఊపిరి కనపడకూడదత్తా అంటే ఎట్ల బిగబట్టిందో సూడు. మద్రాసు నటులు గూడా ఇట్ల సెయ్యలేరు!"

షాట్ మొదలైంది. నూలుజడల దయ్యం, పాడె మీది తల్లి పాదాల దగ్గర కూలబడి ఏడ్చింది. ఇవతల మునిచంద్ర కూడా ఏడుస్తున్నాడు. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు.

"మామ కోపమంతా పైపైనేరా!"

"కట్!" అన్నాడు భాను. "ఇంక నవ్వు షాట్."

శవం వేషం కట్టినవాళ్ళు లేచి కెమెరాలోకి చూసి నవ్వాలి. లేకుంటే వేషం నిజమైపోతుందని సినిమావాళ్ల భయం. ఆ నవ్వు తెర మీదికి రాదు. అయినా ఎంత పేద సినిమావాడూ దాన్ని మాత్రం ఎగ్గొట్టడు.

"అత్తా, లెయ్యి. ఒక్కసారి నవ్వు."

జ్ఞానాంబ కదల్లేదు.

"అత్తా!" ఈసారి భాను గట్టిగా పిలిచాడు. పూజిత కెమెరా వదిలి ఒకడుగు ముందుకేసింది.

అప్పుడు జ్ఞానాంబ కళ్ళు తెరిచింది. లేచి కూచుంది. ముక్కులో దూది తీసేసి, కెమెరాలోకి చూసి నోరారా నవ్వింది. షెడ్డంతా చప్పట్లు.

"ఇచ్చిన మాట చెల్లించుకున్నా," అంటూ ఆమె పాడె దిగింది. మునిచంద్ర ముందు ఒక్క క్షణం ఆగింది. "పిల్లోళ్ల పని అయిపాయె. ఇంక చెప్పుకో, నువ్వొచ్చిన పని."

మగ్గాల వెనక సాంబ్రాణి పొగలోకి నడిచి వెళ్ళిపోయింది.

"ఏంది మామా ఆ మాట?" అన్నాడు భాను నవ్వుతూ.

మునిచంద్ర ఆ పొగ వైపే చూస్తూ అన్నాడు, "రాత్రి తిరుపతి ఆస్పత్రిలో మీ అత్త పోయిందప్పా, షూటింగు మానుకోండని చెప్పేదానికి వచ్చినాను."