మేనేజరు వేషం

చెంప ఛెళ్ళుమనేసరికి షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. దెబ్బ తిన్నది మేనేజరు పైడిరాజు. కొట్టింది కాఫీ బస్తాలు మోసే బుధు.

"ఆగండాగండి!" అంది ట్రైనింగు ఇవ్వడానికి వచ్చిన ప్రసన్న కంగారుగా. "బుధూ, ఇది వట్టి వేషం. నిజంగా కొట్టకూడదు."

"మీరే సెప్పేరు గదా మేడం, ఈ పూట నువ్వే మేనేజరువి, సారు కూలోడు అని," అన్నాడు బుధు.

ఎదురుగా స్టూలు మీద ప్రసన్న ఫోను వీడియో తీస్తోంది. కాఫీ కొనే పైదేశం కంపెనీకి అది సాయంత్రానికల్లా వెళ్ళాలి. ఇక్కడి కూలీలు యాజమాన్యంతో జంకకుండా మాట్లాడగలరని వాళ్ళకు రుజువు కావాలిట. అందుకే విశాఖపట్నం నుంచి ప్రసన్నను రప్పించి, పనిచోట నెమ్మదిగా బేరమాడే ఇంగ్లీషు ముక్కలు నేర్పిస్తున్నారు. పొద్దుటి నుంచి కరెంటు లేక పని ఆగింది గనక సరిపోయింది. లేకపోతే కాఫీ పండ్ల తొక్క వలిచే పల్పర్ మోతలో ఎవరి ఇంగ్లీషు ఎవరికి వినపడేది?

పైడిరాజు ఫోను వంక చూసి, చెంప తడుముకుంటూ నవ్వేశాడు. "పర్లేదు మేడం. మాదంతా ఒకే కుటుంబం. కానివ్వండి."

ఆ కుటుంబం సంగతి ప్రసన్నకు తెలియకపోలేదు. వెనక గోడవార, మొన్నటిదాకా పల్పర్ దగ్గర పనిచేసిన బేబి కూర్చుంది, కుడిచేతిని చున్నీలో చుట్టుకుని. కిందటి నెల ఆ చేతి వేళ్ళు పల్పర్ గేర్లలో నలిగిపోయాయి. "మిషను మీద మూత ఉంది మేడం. తనే మూత తీసి చెయ్యి పెట్టింది. ఒట్టి నిర్లక్ష్యం," అని చెప్పి పైడిరాజు ఆ పిల్లను పనిలోంచి తీసేశాడు. అసలేం జరిగిందని క్లాసులో అడిగితే అందరూ నేలచూపులు చూశారు.

బేబిని మళ్ళీ పనిలో పెట్టించాలి. ప్రసన్న పంతం అది. ఆ ఒక్కటీ సాధించలేకపోతే తను నేర్పిన ఇంగ్లీషంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒక్క పూట కూలీ చోట నిలబడితే మేనేజరు మనసు కరగకపోతుందా అని ఈ నాటకం పెట్టింది. పండ్లు ఇరుక్కుని పల్పర్ బిగుసుకుంది, కాసేపు ఆపమని కూలీ మేనేజరును ఒప్పించాలి. అంతే కథ.

"సార్, ఐ సీ యువర్ పాయింట్, బట్... మిషను ఆపితే మంచిది," అన్నాడు పైడిరాజు, బోర్డు మీద ఉన్నది చదువుతూ.

బుధు అతని కాలరు పట్టుకున్నాడు. "మిషనాపితే పని నీ బాబొచ్చి సేత్తాడేటి?" అంటూ మోకాలితో కడుపులో ఒక్కటిచ్చాడు.

పైడిరాజు నవ్వు ఎటు పోయిందో పోయింది. ప్రసన్న అడ్డం వెళ్ళబోతే, పక్కనున్న కూలీ రత్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏళ్ళ తరబడి బస్తాలెత్తిన చెయ్యి, విదిలిస్తే ఊడదు.

"ఉండండమ్మా," అంది రత్న. "సూడండి."

"కెన్ వి... కెన్ వి మీట్ హాఫ్‌వే..." అన్నాడు పైడిరాజు రొప్పుతూ. చెరో అడుగు తగ్గుదామని దానర్థం. బుధు ఒక్క అడుగూ తగ్గలేదు. జుట్టు పట్టుకుని పల్పర్ దాకా ఈడ్చుకెళ్ళి, ముఖాన్ని ఇనుప చట్రానికేసి కొట్టాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద పడింది.

"ఇరుక్కున్న పళ్ళు బేగి తియ్యి! మిషనాపేది నేదు. ఆడతన్నప్పుడే తియ్యి!" అని అరిచాడు. మణికట్టు మెలిపెట్టి, పైడిరాజు చేతిని గేర్ల మధ్యకు తోశాడు.

పైడిరాజు ఇంగ్లీషు మరిచిపోయాడు. కరెంటు లేదన్న సంగతీ మరిచిపోయాడు. "వద్దురా బాబూ! మూత నేదు! ఏళ్ళు పోతాయిరా! నీ కాళ్ళట్టుకుంటాను, వదిలేయిరా!" అని కొండలు దద్దరిల్లేలా కేకలు పెట్టాడు.

ప్రసన్న ఎలా విడిపించుకుందో ఏమో, పరుగున వచ్చింది. "బుధూ! వదులు! వదులుతావా లేదా?"

బుధు వెంటనే వదిలేశాడు. అతని కాలరు తనే సర్ది, చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే కూలీలాగే. పైడిరాజు నేల మీద కూలబడి తన వేళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసుకుంటున్నాడు. అన్నీ ఉన్నాయి.

ప్రసన్నకు కోపంతో ఏడుపు ముంచుకొచ్చింది. "నీకు మతి పోయిందా? బేబి కోసం నేనింత కష్టపడితే అంతా నాశనం చేశావు. ఇంక ఆయన ఆ పిల్లను పనిలోకి రానిస్తాడా? మేనేజరు వేషం వెయ్యమన్నాను గానీ రాక్షసుడి వేషం కాదు. ఏ మేనేజరైనా ఇలా చేస్తాడా?"

"మేనేజరులాగే సేసేను మేడం," అన్నాడు బుధు తల దించుకుని. "నా సొంతం ఏటీ కలపనేదు."

స్టూలు మీద ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది. గోడవార నుంచి బేబి లేచి వచ్చి, దాని ముందు నిలబడి, చేతికి చుట్టిన చున్నీ విప్పింది.

"కలపనేదు గానీ ఒకటి తగ్గించేడు మేడం," అంది. "ఆ రోజు కరెంటుంది."