రెండో చరణం

"ఇదీ నచ్చలేదటమ్మా," అంటూ గాయకుడి మేనేజర్ ఏడో బొమ్మను కూడా తిరిగి బల్ల మీద పెట్టాడు.

డిజైనర్ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. గాయకుడి కొత్త పాటతో పాటు టీషర్టులు, సంచులు, కప్పులు అమ్మకానికి రావాలి. వాటి మీదకి ఆ పాటను తలపించే బొమ్మ కావాలి. మూడు వారాలుగా ఆవిడ గిటార్లు గీసింది, మైకులు గీసింది, ఏమీ తోచక నోరు తెరిచిన పిట్టను కూడా గీసింది.

"ఈసారి ఏం తక్కువైందట?"

"రెండో చరణంతో కుదరట్లేదట."

"ఆ చరణమేదో ఒక్కసారి వినిపించండి. తర్వాత నా తిప్పలు నేను పడతాను."

"అమ్మో, బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుంది! సార్ మీ బొమ్మల్ని తేలిగ్గా తీసిపారేయట్లేదమ్మా. ముందేసుకుని పొద్దస్తమానం చూస్తూ కూర్చుంటున్నారు."

"చూసి చూసి వద్దంటున్నారుగా."

అతను వెళ్లగానే ప్రింటింగ్ యూనిట్ ఓనర్ వచ్చాడు. "అక్కా, ఏమనుకోకు. రేపు కూడా కాకపోతే పని కొత్తమ్మాయికి ఇచ్చేస్తాను."

పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఆ మాట వినడం ఇదే మొదలు. కోపం రాలేదు. చేతిలో పస అయిపోయిందేమోనని భయం వేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి బాల్కనీలో కూలబడింది. వాన మొదలైంది.

"అమ్మా, బట్టలు తీయవా?" లోపల్నుంచి కూతురు అరిచింది.

"ఓపిక లేదే."

ఎదురుగా నాలుగు బట్టల తీగలు. నాలుగోది ఏడాదిగా వేలాడుతోంది, బిగించే నాథుడు లేడు. దాని మీద ఎర్ర క్లిప్పుల మధ్య ఒకే ఒక్క నీలం క్లిప్పు, దానికి ఒంటి సాక్సు. ఉన్నది ఉన్నట్టు గీసేసింది.

కూతురు తొంగిచూసి పకపకా నవ్వింది. "పాటకీ సాక్సుకీ ఏం సంబంధమమ్మా?"

"నా మొహానికి ఇంతే తోచింది. పంపేస్తే పీడా పోతుంది."

మర్నాడు పొద్దున్నే మేనేజర్ ఫోను. "ఖాయం చేసేశారమ్మా! ఒక్క గీత కూడా మార్చొద్దన్నారు."

నెల తర్వాత పాట విడుదలైంది. మొదటి టీషర్టు తెచ్చిచ్చిన మేనేజరే ఫోనులో వినిపించాడు. రెండో చరణంలో వాన, నాలుగు తీగలు. నాలుగో తీగ దగ్గర గొంతు నిజంగానే కిందికి జారింది. నీలం క్లిప్పు పట్టుకున్న ఒంటి సాక్సు తన జత కోసం ఎదురుచూసింది.

డిజైనర్‌కి కళ్లనీళ్లు ఆగలేదు. "నా పని అయిపోయిందనుకున్నానండీ. వినకుండానే పాటని పట్టేశానన్నమాట!"

మేనేజర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అప్పటికి అసలు పాటే లేదమ్మా."