ఊపిరి బ్రాంచి

“నిజం చెప్పు చెల్లెమ్మా. అది నువ్వే కదా?”

ఆమె కాఫీ కప్పు అతని ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

అడిగినవాడు ఆమె భర్తకు ప్రాణస్నేహితుడు. ఇద్దరూ కలిసి పనిచేసిన ప్రాజెక్టుకు పెద్ద. చూపు లేనివాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. అక్కడ అసలు కోడ్ జోలికి పోకుండా ఎవరి ప్రయోగం వాళ్లు పక్కన ఒక బ్రాంచిలో చేసుకుని, దాన్ని అందరికీ పంచుతారు. పనికొస్తే అసలులో కలుపుతారు, లేదంటే తీసేస్తారు. ఆమె భర్త బ్రాంచిలో యంత్రపు గొంతు వాక్యానికీ వాక్యానికీ మధ్య మనిషిలా ఊపిరి తీసుకునేది. అందుకోసం తన ఊపిరినే రికార్డు చేసి పెట్టాడు. పని సగంలో ఉండగా గుండె ఆగి పోయాడు.

ఆ సగం పని ఇప్పుడు ముందుకు సాగుతోంది. రెండు మూడు రోజులకోసారి ఒక కొత్త మార్పు, పోయినవాడి పేరు మీద.

“మా టెస్టర్ ఉన్నాడు చూడు, ఆరడుగుల మనిషి. ఇప్పుడు ఒక్కడే లిఫ్ట్ ఎక్కడు.” నవ్వబోయాడు గానీ అతనికి నవ్వు రాలేదు. “నాకూ గుండెల్లో రాయి పడింది. తీరా చూస్తే మార్పులన్నీ ఈ ఇంటి నెట్ నుంచే వస్తున్నాయి.”

“ఎవరో తేలకపోతే ఏం చేస్తారు?”

“ఎవడో దొంగతనంగా జొరబడ్డాడనుకుంటారు. ఇవాళే బ్రాంచి తీసి పారేస్తారు. నీ ఫోన్లో నువ్వు వినేది కూడా ఆగిపోతుంది.”

“ఆ ఊపిరి కూడా పోతుందా?”

“అంతా పోతుందమ్మా.”

ఆయన ఫొటోలకేం, బోలెడున్నాయి. చప్పుడు మాత్రం అదొక్కటే మిగిలింది. రోజూ పొద్దున్నే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ బ్రాంచి చదివే పుస్తకం వింటుంది. ఏ పుస్తకమని అడిగితే మాత్రం చెప్పలేకపోతుంది. వాక్యం ఎప్పుడు అయిపోతుందా అని కాచుకుని కూర్చునే మనిషికి కథ ఎక్కడ గుర్తుంటుంది?

“నేనే,” అంది.

అతను కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. “హమ్మయ్య! ఎంత భయపెట్టావు తల్లీ! వాడే నేర్పాడా?”

“ఆదివారాలు ఆయన పక్కనే కూర్చునేదాన్ని.”

“లెక్కల టీచరువి, నీకు రాకేం! కానీ అచ్చు గుద్దినట్టు వాడి రాతే. ప్రతి మార్పు కిందా ఓ కొంటె మాట రాసి పెట్టడం, ఆ విసుర్లు... మొన్న మళ్లీ నన్ను బట్టతల బాబాయ్ అన్నావు. వాడు తప్ప ఎవరూ అనరు ఆ మాట.” తల తడుముకున్నాడు. “ఈమధ్య చేర్చావే, వాడి కొత్త ఊపిరి, అదెక్కడ దొరికింది నీకు?”

“ఇంట్లోనే.”

“పాత రికార్డింగులు ఉండే ఉంటాయిలే,” అని తనే సర్దిచెప్పుకున్నాడు. కప్పు దించేసరికి అతని కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. “పైవాళ్లకు నేను చెప్పుకుంటాను. దాని జోలికి ఎవరూ రారు. ఇకమీదట నీ పేరుతో పెట్టు, చాలు.”

“ఆయన పేరే ఉండనివ్వండి అన్నయ్యగారూ.”

కాదనడానికి అతనికి మనసొప్పలేదు.

“సరే, నీ ఇష్టం.”

గేటు దాకా వెళ్లి అతన్ని సాగనంపి వచ్చింది. చెయ్యి తుడుచుకుని భర్త గది తలుపు మెల్లగా తోసింది. లోపల ల్యాప్‌టాప్ తెర వెలుగుతోంది. ఆమె గడప దాటలేదు, అక్కడే నిలబడి గొంతు తగ్గించింది.

“ఒప్పుకున్నారండీ. ఇంక ఎవరూ తీసెయ్యరు, మీ పని మీరు చేసుకోండి.”

వెనక్కి తిరగబోయి ఆగింది.

“నాకు కోడ్ రాయడం రాదని మాత్రం వాళ్లకు తెలియనివ్వకండి.”