అన్న ఎత్తిన చెయ్యి

"ఆ పట్టీ మీద చెయ్యి పడిందంటే మర్యాద దక్కదప్పా, చెప్తాండా!"

శివలీల మంచానికి అడ్డంగా నిలబడింది. కర్నూలు ఆస్పత్రిలో ఆ మంచం మీద ఉన్నది ఆమె మొగుడు మహానంది. భుజానికి ఆపరేషనై నిండా నాలుగు రోజులు కాలేదు. కుడిచెయ్యిని పట్టీలతో ఛాతీకి కట్టేశారు. ఎదురుగా జయరాజ్, ఓబుళేశన్న అనుచరుడు. మెడలో కెమెరా, చేతిలో పార్టీ కండువా.

"అది కాదక్కా. పట్టీ ఉంటే కండువా సరిగా కనపడదు. అన్న వచ్చేలోపల కొంచెం సర్దితే..."

"మీ అన్ననెత్తుకునే కదా ఈయప్ప రెట్ట ఊడింది! ఇంగేం సర్దుతారు?"

అబద్ధమేం కాదు. ఓబుళేశన్న జెడ్పీటీసీగా గెలిచిన రోజు ఊరంతా ఆయన్ని భుజాలకెత్తుకుని తిప్పింది మహానందే. ఆ బరువుకు కీలు జారింది. అంతటితో బుద్ధి వచ్చిందా? అన్న పుట్టినరోజుకు మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ జారింది. ఆ తర్వాత ఎవర్నీ ఎత్తకుండానే, చొక్కా తొడుక్కుంటుంటే జారిపోయింది.

పొద్దున డాక్టరు మరీ మరీ చెప్పి వెళ్ళాడు. "తెగిన లిగమెంట్ల చోట తొడలోంచి తీసిన నరంతో కొత్తగా అల్లినామమ్మా. ఆరు వారాలు ఈ చెయ్యి పైకి లేయకూడదు. లేసిందా, మళ్ళా కుట్టేదానికి ఏమీ మిగల్దు."

నాపరాళ్ల గనిలో బండలెత్తే చెయ్యి అది. రెక్కాడితే గాని డొక్కాడని సంసారం. అందుకే శివలీల ఆ చేతిని పసిబిడ్డను కాచినట్టు కాస్తోంది.

"ఊరుకోమే," అన్నాడు మహానంది. "అన్న నాకోసం పనిగట్టుకుని వస్తాండాడు."

"నీకోసమా? ఫోటో కోసం!"

ఇంతలో వరండాలో చెప్పుల చప్పుడు. ముందు సెంటు వాసన, దాని వెనక గుట్కా కంపు, ఆ వెనక ఓబుళేశన్న. పదిమంది తోసుకుంటూ గదిలోకి వచ్చారు. ఆ తోపులాటలో శివలీల గోడకు అతుక్కుపోయింది.

"ఏమప్పా మహానందీ, ఎట్లుండాది?" అడిగింది మహానందిని. చూస్తున్నది కెమెరాను.

పండ్లబుట్ట మహానంది ఒళ్ళో పెట్టారు. ఫోటో తీశారు. తీయడం ఆలస్యం, ఒకడు బుట్టను లటుక్కున లాక్కున్నాడు.

"పక్క గదిలో ఇంగొకాయన ఉండాడు గదా, అక్కా," అన్నాడు సిగ్గులేకుండా.

ఛీ, ఇవీ ఒక బతుకులేనా! శివలీల మొగుడి ముఖం చూసింది. ఆ ముఖం మతాబులా వెలిగిపోతోంది. అది చూశాక ఇంకా అసహ్యమేసింది.

"ఇట్ల పడుకోనుంటే పేపర్లో బాగుండదన్నా," అన్నాడు జయరాజ్. "మీరు మీటింగులో ఎత్తుతారే, అట్ల ఆయప్ప చెయ్యి పట్టుకుని పైకెత్తండి. అదిరిపోతాది."

"ఎత్తకూడదు! డాక్టరు సారు..." శివలీల అరిచింది. పదిమంది వీపుల అవతల ఆ అరుపు ఎవరికి కావాలి?

వాళ్ళ భుజాల సందుల్లోంచి ఆమెకు ఒక్కటే కనిపించింది. జయరాజ్ కాదు, ఓబుళేశన్న కాదు, మహానందే లేచి కూర్చుని, ఎడమచేత్తో చర్రుమని పట్టీ ఊడదీసుకున్నాడు.

ఓబుళేశన్న ఆ కుడి మణికట్టు పట్టుకుని ఒక్క ఊపున పైకెత్తాడు.

"జై ఓబుళేశన్న!"

టక్.

ఆ చప్పుడు శివలీలకు కొత్త కాదు. పక్కవాళ్ళను మోచేతులతో పొడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చి పడింది. మహానంది ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఒళ్ళంతా చెమట. చెయ్యి పక్కన తాడులా వేలాడుతోంది.

"నాశనమైపోతారు మీరు! డాక్టరు సారును పిలవండప్పా ఎవురన్నా!"

ఎవరూ కదల్లేదు. ఓబుళేశన్న రుమాలు తీసి అరచేతులు తుడుచుకున్నాడు. "ఏమైందప్పా?"

"ఏం కాలేదన్నా," కెమెరాలోకి చూసుకుంటూ జయరాజ్ నసిగాడు. "మీరే కండ్లు మూసినారు. ఇంగొకటి తీయల్ల."

థూ అని అక్కడే ఊసి, డాక్టరు కోసం శివలీల తలుపు వైపు పరుగెత్తబోయింది. చీర కొంగు పట్టి ఎవరో లాగారు. చూస్తే మొగుడే. ఎడమచేత్తో కొంగు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు. ఇప్పటికైనా కళ్ళు తెరుచుకున్నాయి, ఈ పీడను తరిమెయ్యమంటాడు అనుకుని ఆమె గబుక్కున వంగి చెవి దగ్గరపెట్టింది.

"మే, నా చెయ్యి లేయడంలే," మహానంది పంటి బిగువున నొప్పి ఆపుకుంటూ బతిమాలాడు. "నువ్వు ఎనకాల నిలబడి కొంచెం పైకెత్తి పట్టుకోమే... పాపం, అన్న ఎంతసేపు నిలబడతాడు?"