టార్పాలిన్ కింద

“ఆ టార్పాలిన్ పక్కకి తియ్యమ్మా,” అన్నాడు పెద్దాయన.

కోడలు తియ్యలేదు. కోట గుమ్మం పక్కన తవ్విన గుంట మీద కప్పిన టార్పాలిన్ అంచు మీదే కూర్చుని ఉంది. నోట్లో బిస్కెట్ నమలడం ఆపి మామగారి కేసి చూసింది.

“గాలికి మట్టి పడుతుందని కప్పాను మామయ్యా. మీరు వెళ్ళి భోంచెయ్యండి. సాయంత్రం నేనే తీస్తాను.”

గాలి లేదు. కొండ కింద సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది.

ఆ చిన్న దీవిలో కొండ నెత్తిన నిలువెత్తు రాతిగోడ చుట్టిన బుల్లి కోట అది. అక్కడ తవ్వకాలు నడిపిస్తున్నది పెద్దాయనే. సముద్రం మీంచి వచ్చే దోపిడీ దొంగల బారిన పడకుండా దీవి జనం కట్టుకున్నారని మొట్టమొదట చెప్పిందీ ఆయనే. రేపు పొద్దున్న పడవలో ప్రభుత్వ అధికారులు వచ్చి, ఆ మాటే చెక్కిన రాతిపలకని గుమ్మం దగ్గర నిలబెట్టబోతున్నారు. సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే కోడలు వారం రోజులుగా ఎవర్నీ అడుగు పెట్టనివ్వడం లేదు.

తన దగ్గరే పని నేర్చుకుని, తన కొడుకునే చేసుకుని, తన తవ్వకాల్లోనే చేరిన పిల్ల. అనుమానించడానికి మొదట్లో ఆయనకే సిగ్గేసింది. తర్వాత, తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు కడిగే ఆవిడ ఒక మాట చెవిన వేసింది. కోడలుగారు గోడ చాటుకి వెళ్ళి ఫోన్‌లో ఎవరినో ‘ప్రొఫెసర్ గారూ’ అంటున్నారట. మామయ్యకి మాత్రం తెలియనివ్వకండని బతిమాలుతున్నారట.

ఆయనకి తెలిసి ఆ ప్రొఫెసరు ఒక్కడే. తను ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి. ఇంట్లో అందరూ అతన్ని తెడ్డెం ప్రొఫెసరనే అంటారు. ఈ కోట గురించి తను రాసిన ప్రతి వాక్యం మీదా కయ్యానికి కాలు దువ్వినవాడు.

అప్పటినుంచి పెద్దాయనకి ముద్ద దిగలేదు. ఏదో దొరికింది. బంగారమో, రాత చెక్కిన రాయో. పేరంతా కొట్టెయ్యడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారు. నిన్న కోడలు నీళ్ళ కోసం కిందికి దిగినప్పుడు ఆమె సంచీ కూడా విప్పి చూశాడు. కుంచెలు, కొలత టేపు, సగం తిన్న బిస్కెట్ పొట్లం. ఆమె తిరిగి వచ్చేసరికి సంచీ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆమె పల్లెత్తు మాట అనలేదు. తీసుకుని భుజాన వేసుకుంది. తప్పు చేసింది కాబట్టే నోరు మెదపలేదని ఆయన తేల్చుకున్నాడు.

“నా సంచీ చూశారు. ఇక ఇదీ చూడాలా మామయ్యా?” అంది కోడలు నెమ్మదిగా.

“ఆ తెడ్డెం గాడికి ఏం అప్పజెప్పావో చూడాలి.”

ఆమె లేచి పక్కకి జరిగింది. “రేపటిదాకా ఆగండి. ఒక్కరోజు.”

“ఎందుకు? ఈలోగా పడవ ఎక్కించెయ్యడానికా?”

టార్పాలిన్ తనే లాగేసి, మోకాళ్ళు పట్టేస్తున్నా గుంటలోకి దిగి కూర్చున్నాడు. బంగారం లేదు. రాత లేదు. కుంచెతో శుభ్రంగా తుడిచిన గుమ్మం రాయి, దానికి చదరంగా తొలిచిన ఒక రంధ్రం. ఎదుటి రాతికి అలాంటిదే ఇంకొకటి. చెయ్యి దూర్చాడు. మోచేతిదాకా పోయింది. లోపల చల్లగా, చెమ్మగా తగిలింది.

“అడ్డగడియ రంధ్రం,” అన్నాడు. “తలుపు మూసి దుంగ అడ్డంగా తోసేవాళ్ళు. ఏ కోటకైనా ఉండేదే. దీనికా ఇంత దాపరికం?”

“మీరు ఎటువైపు కూర్చుని చెయ్యి పెట్టారో చూసుకోండి మామయ్యా.”

పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. ముందుకి చూశాడు. లేచి గుమ్మం దాటి అటు వెళ్ళాడు. అటువైపు రాయంతా పైనుంచి కిందిదాకా అరచేత్తో తడిమాడు. మళ్ళీ ఇటు వచ్చాడు.

“వాడితో ఎందుకు మాట్లాడావు?” అన్నాడు చివరికి.

“మీ మాట నిలబెట్టే దారి ఏదైనా ఉందేమోనని. ఆయనా పాపం వారం రోజులుగా అదే వెతుకుతున్నారు.”

“వాడా? నాకోసమా?”

“మీకోసమే. కానీ ఏమీ దొరకలేదు. రేపటి పండగేదో మీకు సంతోషంగా గడవనిచ్చి, ఆ తర్వాత చెబుదామనుకున్నాం.”

ఆమె వంగి టార్పాలిన్ అంచు అందుకుంది. ఇంకా ఎవరూ చూడలేదనీ, మళ్ళీ కప్పేస్తాననీ అంది. పెద్దాయన దాన్ని ఆమె చేతుల్లోంచి తీసుకుని, మడత పెట్టి గోడ మీద పెట్టాడు. తర్వాత కొండ అంచుకి వెళ్ళి, కింద భోజనాలు చేస్తున్న పనివాళ్ళందరినీ పైకి రమ్మని కేకేశాడు.

మూతులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చారు. అందరికన్నా ముందు పెంకులు కడిగే ఆవిడ వచ్చి గుంటలోకి తొంగి చూసింది. బంగారమేనా అని అడిగింది.

పెద్దాయన కోడల్ని పిలిచి తన పక్కన నిలబెట్టుకున్నాడు.

“ఇది కనిపెట్టింది మా కోడలు,” అన్నాడు. “దొంగలు లోపలికి రాకుండా ఈ కోట కట్టారని ఇన్నాళ్ళూ మీకు చెప్పాను. కాదర్రా. తలుపుకి గడియ బయటివైపు ఉంది.”