గోడకు చెప్పిన పేర్లు

సముద్రం మీద తిరిగే గాలిమరల్లో ఆ జాలరిపేట ఆడవాళ్లకు వాటా ఉంది. చేపలమ్మి దాచుకున్న డబ్బంతా కలిపి, ఇంట్లో ఒంటరిగా ఉండే నూకరత్నం పేరున పెట్టారు. మగవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఈ ఏడు లాభం వచ్చింది. పొద్దున్నే ఆమె వంటింటి గోడలోని స్పీకరులోంచి పన్నుల శాఖ గొంతు పలికింది.

"నూకరత్నం గారూ, మీ పేరున ఉన్న సొమ్ములో ఇంకొందరి వాటాలున్నాయి. ఎవరి వాటాలోంచి వాళ్ల పన్ను మినహాయించి మీరే కట్టాలి. వాళ్ల పేర్లు చెప్పండి. చెప్పకపోతే లాభంలో సగం పన్నుకే పోతుంది."

పేరు చెబితే ఆ ఇంట్లో అందరి ఫోన్లకూ కబురు వెళుతుంది. ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ ఒకరి లెక్క ఇంకొకరికి దాగేది కాదు.

"పన్ను కడతాను. పేర్లు మాత్రం సెప్పను," అంది నూకరత్నం, చేప పొలుసు గీకుతూనే.

కానీ పోయేది తన ఒక్కదాని సొమ్ము కాదు. ఒడ్డుకు వెళ్లి, చేపలు ఎండబెడుతున్న ఆ వాటాల ఆడవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పింది. అందరిలోకీ పెద్దదైన పోలమ్మ చేతులు చీరకు తుడుచుకుంది.

"మొగుడికి బయపడి సగం వొదులుకోమంటావేటి? పద."

అందరూ ఆమె వెనకే వచ్చారు. వంటింట్లో ఇరుక్కుని నిలబడి, ఒక్కొక్కరే గోడకు తమ పేరు చెప్పారు. పేటంతా ఫోన్లు మోగాయి. పోలమ్మ మొగుడు గుమ్మంలోకి వచ్చి, "ఎవరి డబ్బే ఇది?" అని గద్దించాడు.

"నాది. సర్కారుకి లెక్క సెప్పేసాను. ఇంక నీకు సెప్పేదేటీ లేదు," అంది పోలమ్మ.

గోడ ఆమె పేరున రసీదు చదవసాగింది. వీధి చివరిదాకా వినిపించేలా నూకరత్నం దాని గొంతు పెంచింది.