తాడు పట్టినవాడు

1962 ఏప్రిల్ పదో తేదీ ఉదయం పదకొండు గంటలకు, నల్లమాడ దగ్గరి ఒక ఊళ్లో తిమ్మప్ప బావిలో పడి చనిపోయాడు. ఎండిన బావిని ఇంకా లోతు చేయడానికి దిగుతున్నాడు. లోతు నలభై అడుగులు. పైన గిలక దగ్గర తాడు పట్టుకున్నది అతని బామ్మర్ది ఓబుళేసు. పక్కన మట్టిగంపతో నిలబడి ఉన్నది తిమ్మప్ప భార్య, ఓబుళేసు అక్క సుబ్బరత్నమ్మ.

ఆ ఊళ్లలో బావిలోకి దిగేవాడు తాడును బామ్మర్ది చేతికే ఇస్తాడు. అన్నదమ్ములకు ఇవ్వడు. వాళ్లతో పొలం తగాదా ఉండొచ్చు. బామ్మర్ది వదిలితే తాళి తెగేది వాడి తోడబుట్టినదానికే. పోలీసులు ఒక్క పూటలో విచారణ ముగించారు. చేయి జారిందని రాసుకున్నారు.

ఆ రోజు నుంచి ఓబుళేసు మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. చేతి వేళ్లు ముడుచుకునేవి కావు. మిషన్ ఆసుపత్రికి బెంగుళూరులో చదివిన డాక్టరొకాయన వచ్చాడని, ఇలాంటివి చూస్తాడని వాళ్లమ్మ విన్నది. కొడుకును తీసుకుపోతానంది.

“నీకు నడిచే శక్తి యాడుండాది? నేను పిల్చుకపోతా,” అంది సుబ్బరత్నమ్మ.

మొగుడు పోయి అప్పటికి ఇరవై రోజులు. ఊళ్లో ఆడవాళ్లు ఆమెను చూసి కళ్లు తుడుచుకున్నారు.

మే ఒకటి, మంగళవారం. డాక్టర్ యేసన్న ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

“వారానికొకసారి రావాలప్పా. ముక్కాలు గంట కూర్చుంటావు. తోచింది చెప్పు. తోచకుంటే ఊరికే కూర్చో. తప్పొప్పులు నేను చెప్పను. ఒకటి రెండుసార్లకు తగ్గదు. మొదట్లో బాధ ఎక్కువైనట్టు కూడా ఉంటుంది.”

“మాటలెందుకు సార్, సూది ఎయ్యండి,” అంది సుబ్బరత్నమ్మ.

“దీనికి సూది లేదమ్మా.”

“మాత్రలన్నా ఇయ్యండి. వీడు చిన్నప్పట్నుంచీ నోరు లేనోడు. నేను పక్కన కూర్చుంటా. మీరడిగింది నేను చెప్తా.”

“ఒక్కడే కూర్చోవాల. బయట బెంచీ ఉండాది.” ఆమె ఎడమ మోచేయి వంకరగా అతుక్కుని ఉండటం డాక్టరు చూశాడు. “చేతికేమైంది?”

“పోయినేడు పడినా సార్.” ఆమె కొంగు కప్పుకుంది. “వీడేమన్నా చెప్తే మాకు చెప్తారా?”

“చెప్పను. ఈడి మాట ఈ గది దాటదు.”

“ఎవురడిగినా?”

“ఎవురడిగినా.”

బయట బెంచీ మీద హనుమంతమ్మ అనే ముసలామె ఉంది. కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చింది.

“సూది లేదు, మందు లేదు, ఊరికే కూర్చోబెట్టేదానికి డాక్టరెందుకమ్మా? మా ఇంటాయన దినామూ అదే చేస్తాండాడు.”

సుబ్బరత్నమ్మ నవ్వలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

ఊరి నుంచి బస్సుకు మూడు మైళ్లు నడక. బస్సు రాని రోజు ఆ దారిన పోయే బండి ఎక్కేవాళ్లు. మే నెలంతా వాన పడలేదు. ఓబుళేసు ప్రతిసారీ కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు కూడా కూర్చున్నాడు. బయటికి రాగానే సుబ్బరత్నమ్మ అడిగేది.

“ఏం చెప్పినావప్పా?”

అతడు తల అడ్డంగా ఊపేవాడు.

“సరే, పా.”

నాలుగోసారి తిరిగొస్తూ ఆమె దారిలో కూలబడింది. “నడిచి నడిచి కాళ్లు పోతాండాయి. ఇంక చాలిద్దామా?”

మరుసటి మంగళవారం ఓబుళేసే ముందు బయలుదేరాడు. ఆమె చెప్పులు వేసుకోకుండా వెనక పరుగెత్తింది.

జూన్ పన్నెండు, ఏడోసారి. అరగంట గడిచింది. డాక్టరు కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. ఆ పొద్దున అప్పటికే పదిమందిని చూశాడు.

“ఓబుళేసూ, చెయ్యి జారేది నేరం కాదప్పా.”

“జారలేదు సార్.”

రెండు నెలల తరువాత మొదటి మాట. డాక్టరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

“మరి?”

ఓబుళేసు తలుపు వైపు చూశాడు. తలుపు కింది సందులో రెండు పాదాలు కనిపిస్తున్నాయి. అతడు ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

“అక్క వదలమనింది.”